మూగజీవుల భాష

మహాభారతం ఆదిపర్వంలో మాండవ్య మహర్షి వృత్తాంతం ఉంది. మౌనవ్రతంలో ఉన్న ఆ మునిని దొంగల సహచరుడిగా భ్రమించి రాజభటులు శూలంపై ఎక్కించారు. తనకీ బాధ ఎందుకు కలిగిందని ఆయన యమధర్మరాజును అడిగాడు. బాల్యంలో కీటకాలను పుల్లతో గుచ్చినందుకు ఫలమిదని ధర్ముడు చెప్పాడు. తెలియని వయస్సులోని తప్పుకు ఇంత శిక్ష తగదని ముని ఆగ్రహించి, అతణ్ణి మానవుడిగా పుట్టుమని శపించాడు. పదునాలుగేళ్ళలోపు పిల్లల చేష్టలు పాపం కావని కట్టడి చేశాడు. ఆ శాపంవల్లనే ధర్ముడు విదురుడై జన్మించాడు.

ఈ కథలో రెండు సత్యాలున్నాయి. కీటకం పడిన బాధ అల్పమైనది కాదు. తెలియక బాధించిన పసివాడు దోషి కాడు. అయితే ఆ తెలియనితనాన్ని పోగొట్టవలసిన బాధ్యత ఎవరిది? నిస్సందేహంగా పెద్దలదే.

పిల్లలు జంతువులను చాలాసార్లు క్రౌర్యంతో బాధించరు. అవి తెలిపే భావం అర్థంకాక బాధిస్తారు. మన ఇళ్ళలో తిరిగే పిల్లినే తీసుకొందాం. తోకను నిలువుగా ఎత్తి ఎదురువస్తే అది స్నేహంతో పలకరిస్తున్నట్లు. చెవులు వెనక్కి వాల్చి, తోకను అటూ ఇటూ కొడుతుంటే విసుగు చెందినట్లు. వీపును విల్లులా వంచి, రోమాలు నిక్కబొడుచుకొంటే భయపడినట్లు. ఆ భంగిమను పొగరుగా భావించి పిల్లలు మరింత రెచ్చగొడతారు. పారిపోయే దారి లేనప్పుడు అది గోళ్ళతో రక్కుతుంది. గురగురలాడటం సాధారణంగా సంతోషానికి గుర్తే కాని, నొప్పితో ఉన్న పిల్లి కూడా గురగురలాడుతుంది. చార్లెస్ డార్విన్ 1872లో ప్రకటించిన గ్రంథంలో పిల్లుల భయాన్ని, ఆప్యాయతను చిత్రాలతో వివరించాడు. మనం కళ్ళను నెమ్మదిగా మూసి తెరిస్తే పిల్లులు కూడా అలాగే స్పందిస్తాయని, ఆ వ్యక్తిని చేరడానికి ఇష్టపడతాయని 2020లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గమనించారు.

పాలను చూసి పారిపోయిన తెనాలి రామకృష్ణుని పిల్లి కథకు మనమందరం నవ్వుకొన్నాం. కవి చాతుర్యాన్ని మెచ్చుకొన్నాం. వేడిపాలకు మూతి కాలిన పిల్లిని గూర్చి ఎవరూ ఆలోచించలేదు. ఒక్కసారి కలిగిన బాధ దాని జ్ఞాపకంలో భయమై నిలిచింది. అందుకే అది పారిపోయింది.

దయ ఉపదేశంవల్ల కంటే ఆచరణను చూడటంవల్ల అలవడుతుంది. శ్రీకాకుళం జిల్లా టెక్కలి సమీపంలోని తేలినీలాపురం ఇందుకు నిదర్శనం. శీతకాలానికి ముందు అక్కడికి గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు వచ్చి, చెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకొని, వేసవి సమీపించగానే వెళ్ళిపోతాయి. ఇచ్ఛాపురం ప్రాంతంలోని తేలుకుంచికి నత్తగుల్లకొంగలు వస్తాయి. వాటి రాకను గ్రామస్థులు శుభంగా భావించి కాపాడుతారు. పెద్దలను చూస్తూ పెరిగే పిల్లలకు ఆ పక్షులపై రాయి విసరాలనే ఆలోచనే రాదు.

ఇక్కడొక విషయం గమనించాలి. శుభమనే నమ్మకం కొంగను కాపాడుతున్నది. ఎదురువస్తే అపశకునమనే నమ్మకం పిల్లిపై రాయి వేయిస్తున్నది. రెండు ప్రాణులకూ నొప్పి ఒక్కటే. కాబట్టి దయకు శకునం ఆధారం కారాదు. అవగాహనే ఆధారం కావాలి.

ఈ అవగాహనను చిన్న చిన్న పనులద్వారా నేర్పవచ్చు. తింటున్న, నిద్రిస్తున్న పిల్లిని తాకరాదు. దానిని ఎత్తుకోవడానికి వెంటపడక, అదే దగ్గరకు వచ్చేదాకా ఆగాలి. పుట్టిన రెండవ వారం నుంచి ఏడవ వారం వరకు మృదువైన స్పర్శను ఎరిగిన పిల్లికూనలు మనుషులను నమ్ముతాయి. దయతోపాటు జాగ్రత్త కూడా అవసరం. పిల్లి కరిచినా, రక్కినా గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి, వెంటనే వైద్యుణ్ణి సంప్రదించాలి.

జంతుహింసను నివారించడానికి 1960లో చట్టం వచ్చింది. 1976లో చేసిన నలభై రెండవ సవరణద్వారా ప్రాణులపట్ల కరుణ చూపడం రాజ్యాంగంలో పౌరుల ప్రాథమిక విధుల్లో చేరింది. అయితే చట్టం చేతిని ఆపగలదే కాని, మనస్సును మార్చలేదు. ఆ పని ఇంటిలోనే జరగాలి.

మాండవ్యుడు విధించిన పదునాలుగేళ్ళ గడువును మీరు దాటారు. తెలియక చేశామనే మినహాయింపు ఇక మీకు లేదు. మీ తమ్ముడో చెల్లెలో పిల్లి తోక పట్టి లాగుతుంటే, ఆ చేతిని మెల్లగా విడిపించి, దాని చెవులను, కళ్ళను చూపి, అది ఏమి చెబుతున్నదో వివరించవలసినవారు మీరే.