యుద్ధ పరిహారం

యుద్ధంలో ఓడిన దేశం, గెలిచిన దేశాలకు కలిగించిన నష్టానికి చెల్లించే సొమ్మే యుద్ధ పరిహారం. మొదటి ప్రపంచ యుద్ధానంతరం 1919 నాటి వెర్సాయ్ ఒప్పందం, 231వ అధికరణం ద్వారా యుద్ధ నష్టానికి బాధ్యతను జర్మనీ, దాని మిత్రదేశాలపై మోపింది. 1921లో మొత్తాన్ని 13,200 కోట్ల బంగారు మార్కులుగా తేల్చారు. అందులో 8,200 కోట్లు వసూలయ్యే ఆశ లేని బాండ్లే. అయినా ఆ అంకె జర్మన్ల మనసుల్లో అవమానంగా నాటుకుంది. చెల్లింపుల్లో బకాయి పడ్డారంటూ 1923 జనవరిలో ఫ్రాన్స్, బెల్జియం సేనలు రూర్ బొగ్గు గనుల ప్రాంతాన్ని ఆక్రమించాయి. నిరసనగా పని మానేసిన కార్మికులకు జీతాలివ్వడానికి జర్మన్ ప్రభుత్వం నోట్లు అచ్చు గుద్దింది. నవంబరుకల్లా డాలరు విలువ 4.2 లక్షల కోట్ల మార్కులు! మధ్యతరగతి దాచుకున్నదంతా ఆవిరైంది. హిట్లర్‌ను పరిహారమే గద్దెనెక్కించిందనడం మాత్రం సరికాదు. 1929 తర్వాతి మాంద్యం, నిరుద్యోగం పాత్ర అంతకంటే పెద్దది. 1932లో లొజాన్ సదస్సు చెల్లింపులకు దాదాపు తెరదించింది. వాటి కోసం తెచ్చిన అప్పుల చివరి వాయిదా తీరింది 2010 అక్టోబరు 3న.