లీజు ముగిసిన కారు మన వాకిట్లోకి వచ్చే ముందు

ఒక కారును నాలుగేళ్ళపాటు ఒకరు నడుపుతారు. ఆ కారు మాత్రం ఆయనది కాదు. గడువు తీరాక దాన్ని అమ్మకానికి పెట్టేది మరొక సంస్థ. ఆ సంస్థలో ఎవరూ ఆ కారు స్టీరింగ్ పట్టుకుని ఉండరు. కారు మంచిచెడ్డలు తెలిసినవాడికి అమ్మే అధికారం లేదు, అమ్మే అధికారం ఉన్నవారికి కారు మంచిచెడ్డలు తెలియవు. లీజు కారు కొనాలనుకునే కుటుంబం మొదట గ్రహించవలసిన సంగతి ఇదేనని మా అనుభవం చెబుతున్నది.

హైదరాబాదులోని పెద్ద కంపెనీలలో పనిచేసే మన పిల్లలలో చాలామందికి ఈ పద్ధతి పరిచయమే. కంపెనీ ఒక లీజు సంస్థ ద్వారా కారు ఇప్పిస్తుంది, అద్దె జీతంలో నుంచి పోతుంది. సాధారణంగా మూడు నుంచి ఐదేళ్ళకు గడువు ముగుస్తుంది. అప్పుడు ఉద్యోగి ఒప్పందంలో ముందే రాసుకున్న ధర చెల్లించి కారును సొంతం చేసుకోవచ్చు. ఆయన వద్దంటే లీజు సంస్థ దాన్ని వేలంలోనో, పాత కార్ల వ్యాపారి ద్వారానో అమ్ముతుంది. అద్దె అనేది ధర్మసమ్మతమైన వ్యవహారమే. అయితే అద్దె, అమ్మకం రెండూ ఒకే ఒప్పందంలో ముడిపడినప్పుడు, ఆలస్యమైన అద్దెపై జరిమానా విధించినప్పుడు ఉలమాలు అభ్యంతరాలు చెబుతారు. సొంతంగా లీజు తీసుకోదలచినవారు సంతకానికి ముందే ఒప్పంద పత్రాన్ని తమ ప్రాంతపు ముఫ్తీగారికి చూపించడం మేలు. లీజు ముగిసిన కారును రొక్కానికి కొనడంలో ఈ చిక్కు లేదు. మేము ఎంచుకున్నది ఆ దారినే.

గుంటూరులో మా ఇంట్లో అబ్బాకు మోకాళ్ళ నొప్పులు ముదిరి ఆటో ఎక్కడం కష్టమైనప్పుడు కారు అవసరం వచ్చింది. వడ్డీ అప్పు జోలికి పోకూడదని ముందే నిర్ణయించుకున్నాము. చేతిలో ఉన్నది ఐదేళ్ళుగా కూడబెట్టిన సొమ్ము. పొరపాటు జరిగితే దాన్ని పూడ్చుకునే మార్గం మాకు లేదు.

2025 తొలి నెలలలో హైదరాబాదు శివారులోని ఒక వ్యాపారి వద్ద లీజు ముగిసిన కారు ఒకటి చూశాము. వెండి రంగు, తళతళలాడే పాలిష్, మీటరు మీద 42 వేల కిలోమీటర్లు. బజారు ధరకంటే దాదాపు లక్ష తక్కువ చెప్పారు. మాతోపాటు గుంటూరు ఆటోనగర్ మిస్త్రీని తీసుకువెళ్ళాము. ఆయన ఇంజిన్ జోలికి వెళ్ళకుండా నేరుగా డిక్కీ తెరిచి స్టెప్నీ ఎత్తి, ఆ గుంటలో వేలు పెట్టి రాశారు. వేలికి మెత్తని ఒండ్రు అంటింది. తరువాత సీటుబెల్టును చివరిదాకా లాగి చూపించారు. సగం బెల్టు శుభ్రంగా ఉంది, చుట్టలో దాగి ఉండే భాగంలో మాత్రం గోధుమరంగు చార. సీటు కింద పట్టాలు, డాష్‌బోర్డు కింద ఇనుప బద్దీలు తుప్పు పట్టి ఉన్నాయి. బండి నంబరు ఆంధ్రప్రదేశ్‌ది, మొదట తిరిగింది విజయవాడలో. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ కాలనీలను ముంచెత్తినప్పుడు వేలాది వాహనాలు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయాయి. ఈ కారు వాటిలో ఒకటని మేము నిరూపించలేము. కానీ నీళ్ళలో మునిగిన బండి అనడంలో మిస్త్రీకి సందేహం లేదు. వ్యాపారిని అడిగితే, “మాకు వేలంలో వచ్చింది, అంతకుముందు సంగతి మాకు తెలియదు” అన్నారు. ఆయన అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు కూడా.

దైవప్రవక్త (సఅసం) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలిన ఉదంతం మనమందరం విన్నదే. వర్షానికి తడిసిందని అమ్మకందారు చెప్పినప్పుడు, జనం చూసేలా ఆ తడిని పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. పై పొర ఎండిన కారు విషయంలోనూ ఆ చేయి లోపలికి వెళ్ళవలసిందే. మునిగిన కారు వెంటనే మొరాయించదు. వైర్ల కనెక్టర్లలో చేరిన తేమ నెలల తరబడి మెల్లగా తినేస్తుంది. ఎయిర్‌బ్యాగ్ దీపం, పవర్ విండో, సెంట్రల్ లాక్ ఒక్కొక్కటిగా చెడిపోతాయి.

మేము ఆ కారు వదిలేసి, మా మేనల్లుడి కంపెనీ లీజు కారు గడువు ముగియడంతో దాన్నే తీసుకున్నాము. నడిపినవాడు మా ఇంటివాడే కనుక అడగవలసినవన్నీ నిర్మొహమాటంగా అడిగాము. బయటివారి కారు కొంటున్నా నడిపిన ఉద్యోగితో ఒక్కసారి ఫోనులో మాట్లాడే అవకాశం కోరండి. ఆయనకు దాచిపెట్టి సంపాదించేదేమీ ఉండదు కాబట్టి సాధారణంగా ఉన్నదున్నట్టు చెబుతారు. కారు ఒక్కరే నడిపారా, లేక కంపెనీలో పదిమంది డ్రైవర్ల చేతులు మారిందా అన్నది ముఖ్యమైన ప్రశ్న. అనేకుల చేతుల్లో నలిగిన కారులో క్లచ్, గేర్లు, డ్రైవరు సీటు అంచు మీటరు చెప్పేదానికంటే ఎక్కువ అరిగి ఉంటాయి. డీజిల్ కారైతే, అందులోనూ బీఎస్-6 రకమైతే, ఊళ్ళోనే తిరిగిందా, హైవే మీద తిరిగిందా అని అడగాలి. రోజూ నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే తిరిగే డీజిల్ బండిలో పొగను వడకట్టే ఫిల్టరు మసితో పూడుకుపోతుంది, దాన్ని మార్చడం చాలా ఖర్చుతో కూడిన పని.

లీజు కార్లకు ఒక మేలు కూడా ఉంది. సర్వీసింగ్ ఖర్చు తరచూ లీజులోనే కలిసి ఉంటుంది కాబట్టి చాలావరకు అధీకృత కేంద్రంలోనే, వేళకే జరిగి ఉంటుంది. ఛాసిస్ నంబరు ఆధారంగా సర్వీసు చరిత్ర మొత్తం తీయించండి. ప్రతిసారీ నమోదైన కిలోమీటర్లను వరుసగా చూస్తే మీటరు వెనక్కి తిప్పారో లేదో తేలిపోతుంది. టైరు పక్కన ఉండే నాలుగంకెలూ చదవండి. 2321 అని ఉంటే 2021 సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. లీజు ముగిసేనాటికి టైర్లు, బ్యాటరీ సరిగ్గా తమ ఆయువు చివర ఉంటాయి. వాటిని మార్చి అమ్మే లీజు సంస్థలు అరుదు. చిన్న కారుకైనా ఆ రెండింటికి పాతిక, ముప్పై వేలు పక్కన పెట్టుకుని బేరమాడాలి.

ధర విషయంలో రెండు మాటలు. పాత కార్ల అమ్మకంపై జీఎస్‌టీ 2025 జనవరి నుంచి 18 శాతం అయింది. అయితే అది మొత్తం ధరపై కాదు, అమ్మే సంస్థకు మిగిలే లాభం మీద మాత్రమే. చెప్పిన ధరలో అది కలిసి ఉందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. కారు కంపెనీ సొంత ఆస్తి అయి, ఉద్యోగికి చౌకగా ఇచ్చిన సందర్భంలో మరొక లెక్క ఉంది. ఆదాయపు పన్ను నిబంధనలు కారు విలువను నిండిన ప్రతి ఏడాదికి మిగిలిన విలువపై 20 శాతం చొప్పున తగ్గిస్తాయి. 10 లక్షల కారు నాలుగేళ్ళు నిండాక 4,09,600 రూపాయలవుతుంది. ఉద్యోగి దాన్ని రెండున్నర లక్షలకు తీసుకుంటే, తేడా 1,59,600 జీతంలో భాగంగా పన్నుకు లోనవుతుంది. చౌకగా వచ్చిందని సంబరపడినవారు మార్చి నెల జీతం చూసి కంగుతిన్న సందర్భాలు మా బంధువుల్లోనే ఉన్నాయి.

ఇక కాగితాలు. మేము పొరపాటు చేసింది ఇక్కడే. ఆర్‌సీలో స్వంతదారుగా కొన్నింటిలో ఉద్యోగి కంపెనీ పేరు, కొన్నింటిలో లీజు సంస్థ పేరు ఉంటుంది. లీజు ఒప్పందం కూడా అందులో నమోదై ఉంటుంది. ఆ నమోదును తొలగించడానికి ఫారం 35, యాజమాన్య బదిలీకి ఫారం 29, 30 అవసరం. తెలంగాణ కారును ఆంధ్రప్రదేశ్‌కు తెచ్చుకుంటే ఫారం 28తో నిరభ్యంతర పత్రం కూడా తీసుకోవాలి. పన్నెండు నెలలకు మించి కారు ఇక్కడే ఉండేటట్లయితే కొత్త నంబరు, ఇక్కడి జీవితకాల పన్ను తప్పవు. కొన్నవారు ముప్పై రోజులలోపు బదిలీ సంగతి రవాణా శాఖకు తెలియజేయాలి. సంతకాలన్నీ చేతికి వచ్చేదాకా చివరి విడత సొమ్ము ఇవ్వకండి. కారు అప్పగించిన తేదీతోపాటు గంట కూడా ఒక కాగితంపై రాయించుకోండి. అంతకుముందు పడిన ఈ-చలానాలు ఎవరివో అప్పుడు వాదన ఉండదు. ఒక వాహనానికి ఒకే ఫాస్టాగ్ అన్న నియమం ఉన్నందున పాతదాన్ని అమ్మినవారే మూయించాలి, లేకుంటే మీకు కొత్తది రాదు.

అన్నిటికంటే ముందు చేయవలసింది బీమా బదిలీ. మేము దాన్నే చివరికి వదిలేశాము. మే నెలలో కారు ఇంటికి వచ్చింది. పాలసీ నవంబరు దాకా ఉంది కదా, ఆర్‌సీ వచ్చాక చూద్దామనుకున్నాము. చట్టం ప్రకారం పద్నాలుగు రోజులలోపు బీమా సంస్థకు దరఖాస్తు చేయాలి. ఇతరులకు కలిగే నష్టానికి రక్షణ కారుతోపాటు మనకు సంక్రమిస్తుంది. మన కారుకు కలిగే నష్టానికి మాత్రం పాలసీ మన పేరు మీదికి మారితేనే పరిహారం. పాతవారి నో క్లెయిమ్ బోనస్ కూడా మనకు రాదు. అది మనిషిదే తప్ప బండిది కాదు.

జూలైలో ఒక సాయంత్రం మగ్రిబ్ వేళకు ఇల్లు చేరాలనే తొందరలో రైలు వంతెన కింద నిలిచిన నీళ్ళలోకి కారును పోనిచ్చాము. మధ్యలో ఇంజిన్ ఆగిపోయింది. వెనుక బండ్ల హారన్లకు కంగారుపడి మళ్ళీ స్టార్ట్ చేశాము. టక్కుమని ఒక చప్పుడు, అంతే. గాలి వెళ్ళవలసిన సిలిండర్‌లోకి నీరు చేరితే, గాలిలాగా అది నొక్కుకోదు. పిస్టన్ పైకి వచ్చే బలమంతా కనెక్టింగ్ రాడ్ మీద పడి అది వంగిపోతుంది. ఆగిన కారును తోసుకుంటూ పోతే కొద్ది వేలతో తేలేది. తాళం తిప్పినందువల్ల 1,38,000 అయింది. పాలసీ మా పేర లేదని బీమా సంస్థ పైసా ఇవ్వలేదు. మా పేర ఉన్నా, ఇంజిన్ రక్షణ అనే అదనపు భాగం తీసుకోనందున ఇచ్చేవారు కాదట. అబ్బా మందుల కోసం విడిగా ఉంచిన సొమ్ము దానికే పోయింది. అమ్మీ ఆ నెలంతా ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనమే మాకు ఎక్కువ బరువనిపించింది.

కనుక వర్షాకాలం గురించి కాస్త విపులంగా చెబుతాము. నీరు చక్రంలో సగానికి మించి ఉంటే దిగకండి. దిగక తప్పకపోతే మొదటి గేరులో, ఆపకుండా, ఒకే వేగంతో దాటండి. ఆగితే మళ్ళీ స్టార్ట్ చేయవద్దు, బానెట్ తెరవవద్దు, తోయించుకుని గ్యారేజీకి చేర్చండి. నీళ్ళు దాటాక బ్రేకును రెండు మూడుసార్లు మెల్లగా నొక్కితే తడి ఆరుతుంది. టైరు గాళ్ళ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని నియమం, కానీ వానలో అంతదాకా ఆగడం సాహసమే. వైపరు రబ్బర్లను జూన్ మొదట్లోనే మార్చండి, వేసవి ఎండకు అవి గట్టిపడి ఉంటాయి. ముందు అద్దం కింది జాలీలో చేరిన వేపాకులను తీసేయండి. అక్కడ నీరు పోయే దారి మూసుకుంటే అది కారులోకి దిగుతుంది. తలుపుల అడుగున ఉన్న చిన్న రంధ్రాలదీ అదే సంగతి. అద్దాలపై ఆవిరి పడితే గుడ్డతో తుడవడం కాదు, ఏసీ వేసి గాలిని అద్దం వైపు మళ్ళించండి. బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకునే గుణం కలది కనుక రెండేళ్ళకొకసారి మార్చాలి. లీజు చివరి ఏడాదిలో తరచూ వాయిదా పడేది ఇదే.

వేసవిలో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, కూలెంట్ స్థాయిని ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడండి. తగ్గితే కుళాయి నీళ్ళు పోయకండి, రేడియేటరు లోపల తుప్పు, పాచి పేరుకుంటాయి. ఎండకు గాలి ఉబ్బుతుందని టైర్లలో గాలి తగ్గించి కొట్టించడం మన వైపు పాత అలవాటు. అది సరికాదు. గాలి తగ్గిన టైరు ఎక్కువ నలిగి మరింత వేడెక్కుతుంది. డ్రైవరు తలుపు దగ్గర అంటించిన పట్టీలో ఉన్న అంకెనే, ఉదయం బండి కదలకముందు, పాటించండి. సెంటు స్ప్రే డబ్బాలు, లైటర్లు డాష్‌బోర్డు మీద వదలకండి. ‘రెండు నిమిషాలే కదా’ అని బిడ్డను మూసిన కారులో ఉంచి దుకాణంలోకి వెళ్ళకండి.

చలికాలానికి మా ప్రాంతంలో పెద్ద పనేమీ లేదు. అరకు, లంబసింగి వైపు వెళ్ళేవారు పొగమంచు దీపాలు చూసుకుంటే చాలు, మంచులో హైబీమ్ వేస్తే దారి మరింత కనబడదు. ఉమ్రాకు వెళ్ళి ఇరవై రోజులు కారును నిలిపివేసేవారు మాత్రం ట్యాంకు నింపి, బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి, హ్యాండ్ బ్రేక్ బదులు గేరులో ఉంచి చక్రాలకు రాళ్ళు పెట్టి వెళ్ళండి. కారులో ఖర్జూరం గింజ కూడా మిగల్చకండి. మేము తిరిగి వచ్చేసరికి ఎలుకలు రెండు వైర్లు కొరికేశాయి. వెనుక సీటు కింద ఖర్జూరాల పొట్లం దొరికింది.