కళాశాల చదువు: అప్పజెప్పడంలోని శాస్త్రం

ఏటా ఆగస్టు మాసాంతానికి అమెరికాలోని ఎన్నో తెలుగు ఇళ్ళ నుండి పిల్లలు తొలిసారిగా కళాశాలకు బయలుదేరుతారు. హైస్కూలులో అన్నిటా ‘ఏ’ గ్రేడులు సాధించినవారు సైతం రసాయన శాస్త్రంలోనో, కాల్క్యులస్‌లోనో తొలి పరీక్ష ఫలితం చూసి కలవరపడటం కద్దు. వారి తెలివి తరగలేదు. చదువు తీరు మారింది.

15 క్రెడిట్లు తీసుకున్న విద్యార్థి వారానికి సుమారు 15 గంటలే తరగతిలో గడుపుతాడు. కాని తరగతిలోని ప్రతి గంటకూ వెలుపల కనీసం రెండు గంటల స్వయంకృషి అవసరమన్నది క్రెడిట్ లెక్కలోనే ఇమిడి ఉంది. అంటే మొత్తం 45 గంటలు! పరీక్షల తేదీలు, మార్కుల విభజన సెమిస్టరు ఆరంభంలోనే సిలబస్‌లో ఇస్తారు. వందలమంది కూర్చునే హాలులో వెనుకబడినవారిని ప్రొఫెసరు వెతికి పట్టుకోలేరు. ఆఫీస్ అవర్స్‌లో విద్యార్థియే వెళ్ళి సందేహం అడగాలి.

మరి ఆ 30 గంటలు ఎలా చదవాలి? సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ విషయాన్ని పరీక్షించి, 2006లో ఫలితాలు ప్రకటించారు. ఒక పాఠాన్ని కొందరు రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, పిదప చూడకుండా జ్ఞాపకమున్నంత వ్రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్షిస్తే మొదటివారికి 81 శాతం, రెండవవారికి 75 శాతం గుర్తున్నది. వారం తర్వాత ఫలితం తారుమారైంది: మొదటివారికి 42, రెండవవారికి 56! పదే పదే చదివితే పాఠం పరిచితమవుతుంది. ఆ పరిచయాన్నే మనం జ్ఞానమని భ్రమిస్తాము. జ్ఞాపకాన్ని శ్రమించి వెలికితీసినప్పుడే అది పాదుకుంటుంది.

వీధిబడి పంతులుగారు పాఠం అప్పజెప్పించుకోవడంలోని బలం ఇదే. అయితే కళాశాలలో అప్పజెప్పవలసినది వాక్యాలను కాదు, కారణాలను. పుస్తకం మూసి లెక్క చేయాలి; ఆ మెట్టు తర్వాత ఈ మెట్టు ఎందుకు వచ్చిందో తోటివారికి వివరించగలగాలి.

తల్లిదండ్రులకూ ఇందులో పాత్ర ఉంది. 1974 నాటి సమాఖ్య చట్టం ప్రకారం కళాశాలలో చేరిన నాటినుండి విద్యా రికార్డులపై హక్కు విద్యార్థిదే. హైస్కూలు రోజుల్లోవలె ప్రోగ్రెస్ రిపోర్టు ఇంటికి వస్తుందని ఎదురుచూడరాదు. కనుక ఆదివారం ఫోనులో “ఎన్ని మార్కులు వచ్చాయి?” అనడానికి బదులు, “ఈ వారం నేర్చుకున్నదేదో నాకూ చెప్పమ్మా” అని అడగవచ్చు. బిడ్డకు పాఠం నిలుస్తుంది. బిడ్డ ఎలా ఉన్నదీ తల్లికి తెలుస్తుంది.