ఒంటికన్ను కారు

సెలవుల్లో మాచర్ల నుంచి మా తండాకి మామ పాత అంబాసిడర్‌లో వస్తుంటే రాత్రిపూట ఒక హెడ్‌లైటు ఆరిపోయింది. ఎదురొచ్చే లారీవాడు మా కారును మోటారుసైకిల్ అనుకుని బాగా దగ్గరికొచ్చేశాడు. వెంట్రుకవాసిలో తప్పింది!

మర్నాడు మామ బల్బు మారుస్తుంటే పక్కనే ఉండి చూశాను. ముందు స్విచ్ ఆపాడు. లైటు చుట్టూ రింగు విప్పి, వెనక మూడు పిన్నుల సాకెట్ లాగాడు. క్లిప్పు తీస్తే పాత బల్బు చేతికొచ్చింది. లోపలి సన్నతీగ తెగి ఉంది. కొత్తది 12 వోల్టుల హాలోజన్ బల్బు. దూరపు వెలుగుకి 60 వాట్లు, డిమ్ముకి 55.

నేను గాజు పట్టుకోబోతే "ముట్టుకోకురా!" అన్నాడు. వేళ్ల జిడ్డు అంటితే అక్కడ వేడి ఎక్కువై బల్బు తొందరగా పోతుందట. శుభ్రమైన గుడ్డతోనే పట్టుకోవాలి.

మీ ఇంట్లో బండి ఉంటే, రాత్రి బయల్దేరేముందు రెండు లైట్లూ వెలుగుతున్నాయో లేదో చూడండి.