మీకు తెలుసా? ఆస్కార్ పట్టించుకోని సినిమాకే అగ్రస్థానం

2008లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉత్తమ వెస్టర్న్ సినిమాలకు ర్యాంకులు ఇస్తే, మొదటి స్థానం జాన్ ఫోర్డ్ తీసిన ‘ది సెర్చర్స్’కు దక్కింది. 1956లో విడుదలైన ఆ చిత్రానికి ఆస్కార్ నామినేషన్ ఒక్కటీ రాలేదు! కథ జరిగేది టెక్సాస్‌లో. తెర నిండా కనిపించే ఎర్రరాతి గుట్టలు మాత్రం యూటా, అరిజోనా సరిహద్దులోని మాన్యుమెంట్ వ్యాలీవి. రెండో స్థానం ‘హై నూన్’ది.

మనవాళ్లు ఎంతో ఇష్టపడే ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ (1966) ఆ జాబితాలో లేదు. ఎంపిక అమెరికన్ చిత్రాలకే పరిమితం; దాన్ని తీసిన సెర్జియో లియోనె ఇటలీ దర్శకుడు. క్లైమాక్స్‌లో కనిపించే శ్మశానం కూడా అమెరికాది కాదు. స్పెయిన్‌లోని బుర్గోస్ ప్రాంతంలో, అక్కడి సైనికుల చేత వేలాది ఉత్తుత్తి సమాధులు కట్టించారు. దశాబ్దాలపాటు మట్టి, గడ్డి కప్పేసిన ఆ చోటును 2015 నుంచి అభిమానులే పలుగూ పారా పట్టి వెలికితీశారు. ఏ ర్యాంకు కన్నా నాకు ఇదే పెద్ద గౌరవంగా తోస్తుంది.

ఆ సినిమా స్ఫూర్తి తెలుగు తెరకూ చేరింది. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో కృష్ణ ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చింది. రచన ఆరుద్ర. మన కౌబాయ్ గుర్రం దౌడు తీసింది రాజస్థాన్ ఎడారి ఇసుకలో.