దగ్గును దాచకండి - ఆశను గుమ్మంలోంచే పంపేయకండి

హైదరాబాదు నుంచి మొయినాబాదు, చేవెళ్ల మీదుగా వికారాబాదు వెళ్లే దారి మీలో చాలామందికి పరిచయమే. చిలుకూరు బాలాజీ దర్శనానికో, అనంతగిరి కొండలు చూడడానికో ఆ దారిన వెళ్లే వుంటారు. ఆ అనంతగిరి మీదనే నిజాం కాలంలో క్షయ శానిటోరియం వెలిసింది. సరైన మందులు లేని ఆ రోజుల్లో క్షయ వచ్చిందంటే రోగిని ఇల్లూ వాకిలీ విడిపించి, మంచిగాలి కోసం అలాంటి చోటికి చేర్చడమే వైద్యం.

ఇప్పుడు రోగి కొండ ఎక్కనక్కరలేదు. మందే అతని ఊరికి వస్తుంది. ఈ మార్పుకు దారి చూపింది మన పక్కనున్న మద్రాసు నగరమే. 1956లో అక్కడ క్షయ చికిత్సా కేంద్రం ఏర్పడింది. పేద రోగుల్లో కొందరిని శానిటోరియంలో వుంచి, మరికొందరిని వాళ్ల ఇరుకిళ్లలోనే వుంచి, ఒకే రకం మందులిచ్చి చూశారు. 1959లో ఫలితాలు వెలువడ్డాయి. ఇంటిదగ్గర మందు వాడినవాళ్లకూ దాదాపు అంత బాగానూ నయమైంది. ఇంట్లో వున్నందువల్ల వాళ్ల కుటుంబాలకు జబ్బు ఎక్కువగా అంటుకున్నదీ లేదు. ఆ తర్వాత ప్రపంచమంతా ఆ బాటే పట్టింది.

అయితే ఒక చిక్కు మిగిలింది. రోగం ఎవరికుందో కనిపెట్టేదెవరు? 2019-21లో దేశవ్యాప్తంగా జరిపిన క్షయ సర్వేలో, క్షయ లక్షణాలున్న ప్రతి 100 మందిలో 64 మంది ఏ వైద్యుడి గడపా తొక్కలేదని తేలింది. ఎక్కువమంది చెప్పిన కారణం ఒక్కటే - ''మామూలు దగ్గే కదా, అదే పోతుందిలే!''

ఆశ ఏం అడుగుతుంది?

అందుకే ఆస్పత్రి రోగి ఇంటికి నడిచి రావాలి. ఆ నడిచివచ్చే మనిషి పేరే ఆశ. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద, సుమారు 1000 మంది జనాభాకు ఒకరు చొప్పున, ఆ ఊరి స్త్రీనే ఎంపిక చేస్తారు. ఆమె పరాయి మనిషి కాదు. అదే ఆమె బలం. మొయినాబాదు పక్క పల్లెలో ఒక ఇంటి అరుగు మీద ఈ మాటలు జరిగాయనుకోండి:

''పెద్దమ్మా, పెద్దనాయినకు ఈ దగ్గు ఎన్ని దినాల సంది ఉన్నది?''

''గిది కొత్తదా బిడ్డా? బీడీల దగ్గు. ఏండ్ల సంది ఉన్నదే.''

''మరి మస్తు బక్కగయిండు గదనే! సాయంత్రం జరం వస్తున్నదా? రాత్రి చెమటలు పడుతున్నయా?''

పెద్దమ్మ వెంటనే జవాబు చెప్పదు. పక్కింటివాళ్లు వింటున్నారేమోనని అటు చూస్తుంది. ఇంట్లో పెళ్లీడు పిల్ల వుంది మరి. క్షయను దాచిపెట్టేది అజ్ఞానం ఒక్కటే కాదు, ఈ భయం కూడా. దాచిన ప్రతి నెలా ఆ దగ్గు ఎవరికి చేరుతుందో తెలుసా? ఎవరికోసం దాచారో ఆ పిల్లకే!

పరీక్ష ఎవరికి?

రెండు వారాలకు మించిన దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, కఫంలో నెత్తురు - వీటిలో ఏ ఒక్కటి వున్నా పరీక్ష తప్పదు. మధుమేహం వున్నవాళ్లకు క్షయ ముప్పు ఇతరులకన్నా 2, 3 రెట్లు ఎక్కువ. బీడీ, సిగరెట్టు, సారా అలవాటున్నవాళ్లూ, చాలినంత తిండి లేనివాళ్లూ జాగ్రత్తపడాలి. దగ్గు లేనంత మాత్రాన క్షయ లేదని చెప్పలేం. పైన చెప్పిన సర్వేలో దొరికిన రోగుల్లో నూటికి 42 మందికి పైగా ఛాతీ ఎక్సురే వల్లనే బయటపడ్డారు.

తెమడ పరీక్షకు డబ్బా ఇస్తే చాలామంది అందులో ఉమ్మి నింపి ఇస్తారు. అది పనికిరాదు. ఉదయం లేవగానే నోరు నీళ్లతో పుక్కిలించి, ఆరుబయటకు వచ్చి, గట్టిగా గాలి పీల్చి, ఛాతీ లోతుల్లోంచి దగ్గి తీసిన కళ్లె కావాలి. మూత గట్టిగా బిగించి, ఆలస్యం చేయకుండా దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, చేవెళ్ల ప్రభుత్వాసుపత్రికో చేర్చాలి. మనదేశంలోనే తయారైన ట్రూనాట్ యంత్రం రెండు, మూడు గంటల్లోనే క్రిమి వున్నదీ లేనిదీ, అది రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందో లేదో కూడా చెప్పేస్తుంది.

మందు మధ్యలో మానితే?

మామూలు క్షయకు చికిత్స 6 నెలలు. ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితం. అసలు ప్రమాదం రెండో నెలలో వస్తుంది. అప్పటికి దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, మనిషి తేరుకుంటాడు. ''ఇంకెందుకు మందు?'' అనిపిస్తుంది. అక్కడ ఆపేస్తే మిగిలిన క్రిములు మొండికేస్తాయి. తర్వాత వాడాల్సిన మందులు మరింత బలమైనవి, బాధ కూడా ఎక్కువ. మందు వేసుకున్నాక మూత్రం ఎర్రగా వస్తే కంగారుపడకండి, అది మందు రంగు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా వెంటనే డాక్టరుకు చూపించండి.

రోగి కంచం, గ్లాసు వేరు చేయనక్కరలేదు. క్షయ గాలి ద్వారా వ్యాపిస్తుంది గాని కంచం ద్వారా కాదు. కిటికీలు తెరవండి, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోమనండి. ఇంట్లోవాళ్లందరికీ, ముఖ్యంగా అయిదేళ్లలోపు పిల్లలకు, పరీక్ష చేయించండి. జబ్బు లేదని తేలినా, అది రాకుండా ముందుగానే వాడే మందులున్నాయి.

తిండి కూడా మందులాంటిదే. జార్ఖండులో రోగుల కుటుంబాలకు అదనపు ఆహారం ఇచ్చి చూస్తే, ఇంట్లోవాళ్లలో కొత్తగా క్షయ రావడం నూటికి 40 వంతుల వరకు తగ్గినట్టు 2023లో వెల్లడైంది. పప్పు, గుడ్లు, పాలు, వేరుసెనగలు పెట్టండి. ఆహారం కోసం 2018 నుంచి రోగి ఖాతాలో నెలకు 500 రూపాయలు వేసేవారు. 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేశారు.

చివరగా, పట్నంలో వుండే మీకు ఒక మాట. చేవెళ్ల, మొయినాబాదు చుట్టుపక్కల ఫాంహౌసులు ఎన్నో వెలిశాయి. యజమాని పట్నంలో వుంటాడు. గేటు పక్క చిన్నగదిలో, ఎక్కడినుంచో బతకవచ్చిన కాపలాదారు కుటుంబం వుంటుంది. గేటుకు తాళముంటే ఆశ లోపలికెలా వస్తుంది? అలాంటి చోటు మీకుంటే ఆమెను రానివ్వమని చెప్పండి. మీ ఇంట పనిచేసేవాళ్లు దగ్గుతుంటే పనిలోంచి తీసేయకండి, పరీక్షకు సెలవివ్వండి. సందేహాలుంటే 1800-11-6666కు ఉచితంగా ఫోను చేయవచ్చు. క్షయ నయమయ్యే జబ్బు. అయితే దాన్ని ముందు బయటికి చెప్పాలి!