టాబ్లెట్ డాష్‌బోర్డు

టాబ్లెట్ డాష్‌బోర్డు అనగా కారులో స్టీరింగు వెనుక ఉండే మీటర్ల పలకకు బదులుగా గాని, దానికి తోడుగా గాని ఒక టాబ్లెట్ కంప్యూటరును అమర్చి, వాహన వేగం, ఇంజను భ్రమణ వేగం, ఉష్ణోగ్రత, ఆయిలు పీడనం, ఇంధన పరిమాణం వంటి వివరాలను దాని తెరపై చూపే ఏర్పాటు. సొంతంగా కార్లు తయారుచేసుకొనే ఔత్సాహికులలో ఇది వాడుకలో ఉంది. టాబ్లెట్ స్వయంగా దేనినీ కొలవదు. సెన్సర్లు కొలిచిన విలువలను అందుకొని, ముల్లుగానో అంకెలుగానో గీసి చూపడం మాత్రమే దాని పని. ఈ పద్ధతి లోని సౌలభ్యాలు, ప్రమాదాలు అన్నీ ఈ ఒక్క విషయం నుండే పుడతాయి.

నేపథ్యం

కారును విడిభాగాలుగా కొని ఇంటి వద్ద కూర్చుకొనే అలవాటు బ్రిటన్‌లో బలంగా ఉంది. 1957లో వెలువడిన లోటస్ సెవెన్ కారును విడిభాగాల రూపంలో కూడా అమ్మేవారు. అలా కొన్నవారికి అప్పటి కొనుగోలు పన్ను తప్పేది. 1973లో ఈ నమూనా హక్కులు కేటర్‌హామ్ సంస్థకు చేరాయి. తక్కువ ఖర్చుతో ఇటువంటి కారును ఇంట్లోనే నిర్మించుకొనే విధానాన్ని వివరిస్తూ రాన్ ఛాంపియన్ 1996లో ఒక పుస్తకం ప్రచురించాడు. ఈ కార్లలో ఇంజను, గేరుపెట్టె సాధారణంగా ఒక పాత కారు నుండి తీసుకున్నవే. ఆ పాత కారు మీటర్లు కొత్త చట్రంలో ఇమడకపోవడం, ఇమిడినా కొత్త చక్రాల కొలతకు సరిపోకపోవడం తరచుగా వచ్చే చిక్కు.

ఎలక్ట్రానిక్ మీటర్లు కొత్త కాదు. 1976లో ప్రదర్శించిన ఆస్టన్ మార్టిన్ లగోండాలో అంకెల మీటర్లు ఉండేవి. 1986 నాటి బ్యూక్ రివియేరాలో తాకుతెర ఉండేది. 2010లో ఐప్యాడ్, ఆ తరువాత ఆండ్రాయిడ్ టాబ్లెట్లు వచ్చాక మంచి రంగుల తెర, ప్రాసెసరు, బ్లూటూత్ ఒకే పరికరంలో సామాన్యునికి అందుబాటు లోకి వచ్చాయి. 2012లో టెస్లా మోడల్ ఎస్ 17 అంగుళాల తెరతో వెలువడింది. అందులో వేగం చూపే తెర మాత్రం స్టీరింగు వెనుక విడిగా ఉంది.

సమాచారం చేరే మార్గాలు

ఓబీడీ-2 ద్వారా: అమెరికాలో 1996 నుండి అమ్మిన కార్లకు ఓబీడీ-2 అనే తనిఖీ వ్యవస్థ తప్పనిసరి. దీనికి 16 పిన్నుల సాకెట్టు ఉంటుంది. తెచ్చుకున్న ఇంజనుకు ఈ వ్యవస్థ గల కంట్రోలు యూనిట్ ఉంటే, సాకెట్టుకు ఈఎల్ఎమ్ 327 రకపు అడాప్టరును తగిలించి బ్లూటూత్ ద్వారా టాబ్లెట్‌తో కలపవచ్చు. టాబ్లెట్ ఒక సంఖ్యతో ప్రశ్న పంపితే, యూనిట్ జవాబు పంపుతుంది. ఉదాహరణకు కూలెంట్ ఉష్ణోగ్రతకు 130 అని జవాబు వస్తే, దాని నుండి 40 తీసివేయగా 90 డిగ్రీల సెల్సియస్ వస్తుంది. ఇంజను భ్రమణ వేగానికి రెండు సంఖ్యలు వస్తాయి. మొదటిదానిని 256తో గుణించి, రెండవదానిని కలిపి, 4తో భాగించాలి. 31, 64 వస్తే 7936 + 64 = 8000. దానిని 4తో భాగిస్తే నిమిషానికి 2000 భ్రమణాలు.

ఈ పద్ధతి లోని లోపం నిదానం. ఒక ప్రశ్నకు జవాబు వచ్చిన తరువాతనే మరొక ప్రశ్న పోతుంది. సెకనుకు 10 జవాబులు వస్తున్నాయనుకొంటే, నాలుగు మీటర్లు చూపేటప్పుడు ఒక్కొక్క మీటరు సెకనుకు రెండున్నర సార్లు మాత్రమే మారుతుంది. ఉష్ణోగ్రతకు ఇది చాలును. మొదటి గేరులో వేగంగా పెరిగే ఇంజను భ్రమణ వేగానికి చాలదు. ముల్లు గెంతుతూ కదులుతుంది.

కాన్ బస్ ద్వారా: కాన్ అనేది బాష్ సంస్థ 1986లో ప్రకటించిన రెండు తీగల సమాచార వ్యవస్థ. కారులోని యూనిట్లు ఎవరూ అడగకుండానే తమ విలువలను దీనిపై పదేపదే ప్రసారం చేస్తాయి. రెండు తీగలపై సంకేతం వ్యతిరేక దిశలలో మారుతుంది కనుక, స్పార్కు ప్లగ్గుల వల్ల కలిగే విద్యుత్ అలజడి రెండింటిపై సమానంగా పడి, తేడా తీసుకొన్నప్పుడు రద్దవుతుంది. తీగల రెండు కొసల వద్ద 120 ఓమ్‌ల నిరోధకం ఉండాలి. ప్రశ్న, జవాబు లేనందున ముల్లు నిలకడగా కదులుతుంది. ఔత్సాహికులు వాడే మెగాస్క్విర్ట్, స్పీడుయినో వంటి కంట్రోలు యూనిట్ల విలువలను నేరుగా చదివి చూపే రియల్‌డాష్ వంటి అనువర్తనాలు ఉన్నాయి.

సొంత సెన్సర్ల ద్వారా: కార్బురేటరు గల పాత ఇంజనుకు కంట్రోలు యూనిట్ ఉండదు. అప్పుడు ఆర్డుయినో వంటి చిన్న మైక్రోకంట్రోలర్‌కు సెన్సర్లను కలిపి, దాని నుండి టాబ్లెట్‌కు విలువలు పంపుతారు. వేగం కొలవడానికి చక్రానికి గాని, చక్రాన్ని తిప్పే ఇరుసుకు గాని అయస్కాంతాలు అతికించి, ఎదురుగా హాల్ సెన్సరు ఉంచుతారు. చక్రం చుట్టుకొలత 1.8 మీటర్లు, అయస్కాంతాలు నాలుగు అయితే ఒక్కొక్క సంకేతం 0.45 మీటర్ల దూరానికి గుర్తు. సెకనుకు 40 సంకేతాలు వస్తే 40 × 0.45 = 18 మీటర్లు, అనగా గంటకు 64.8 కిలోమీటర్లు. టైరు మార్చి చుట్టుకొలత మార్చడం మరచిపోతే లెక్క తప్పుతుంది.

విద్యుత్తు, వేడి, వెలుతురు

కారు బ్యాటరీ 12 వోల్టులదని వాడుక. ఇంజను నడుస్తున్నప్పుడు అది సుమారు 14 వోల్టులకు చేరుతుంది. స్టార్టరు తిరిగే క్షణంలో బాగా పడిపోతుంది. టాబ్లెట్‌కు లోపల బ్యాటరీ ఉన్నందున ఈ పతనాన్ని తట్టుకొంటుంది. మైక్రోకంట్రోలర్ మాత్రం ఆగి మళ్ళీ మొదలు కావచ్చు. అందుచేత వాహనాలకు తగిన 5 వోల్టుల మార్పిడి పరికరాన్ని, బ్యాటరీకి దగ్గరలో ఫ్యూజును అమర్చాలి.

వేడి ఇంకా పెద్ద సమస్య. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల వరకు వాడవచ్చునని, 45 డిగ్రీల వరకు నిల్వ ఉంచవచ్చునని తయారీదారు చెబుతారు. వేసవిలో రెంటచింతల, రామగుండం వంటి చోట్ల నీడలోనే 45 డిగ్రీలు కనిపించడం తెలుగువారికి తెలిసినదే. ఎండలో తలుపులు మూసి నిలిపిన కారు లోపల వేడి దీనికంటె చాలా ఎక్కువ. అటువంటి వేడికి టాబ్లెట్ తెర మసకబారుతుంది, లేదా తనంతట తాను ఆగిపోతుంది. లోపలి లిథియం బ్యాటరీ ఉబ్బే ప్రమాదం కూడా ఉంది. కారు దిగేటప్పుడు టాబ్లెట్‌ను తీసివేయగలిగేలా బిగించడం మేలు. సాధారణ టాబ్లెట్ తెర కాంతి ఎదురెండలో చాలదు కనుక, పైకప్పు లేని కారులో తెరపై నీడపట్టె అవసరం.

భద్రత

పాత ముల్లు మీటరు తీగ తెగితే ముల్లు పడిపోతుంది. చెడిపోయిందని వెంటనే తెలుస్తుంది. టాబ్లెట్‌లో అలా కాదు. సమాచారం ఆగిపోయినా తెరపై చివరి విలువ అలాగే నిలిచి ఉండవచ్చు. ఆయిలు పీడనం పూర్తిగా పడిపోయిన ఇంజను కొద్దిసేపటిలోనే బేరింగులు అరిగి పాడవుతుంది. ఆ సమయంలో తెరపై పాత విలువ నిలిచి ఉంటే, చోదకుడు అంతా సవ్యంగా ఉందనుకొని నడుపుతూనే ఉంటాడు. మీటరు లేకపోవడం కంటె ఇది ఎక్కువ అపాయకరం. అందువలన ఈ క్రింది జాగ్రత్తలు పాటించాలి.

* ఒక నిర్ణీత వ్యవధిలో కొత్త విలువ రాకపోతే పాత విలువను చెరిపి గీతలు చూపేలా అనువర్తనాన్ని అమర్చాలి.
* ఆయిలు పీడనం, బ్యాటరీ చార్జింగు, బ్రేకు హెచ్చరికలకు, టాబ్లెట్‌తో సంబంధం లేకుండా పనిచేసే విడి దీపాలు ఉండాలి.
* తిరిగిన మొత్తం దూరాన్ని మైక్రోకంట్రోలర్ శాశ్వత జ్ఞాపకంలో ఉంచాలి. టాబ్లెట్‌లోనే ఉంచితే అనువర్తనాన్ని తొలగించినప్పుడు లెక్క పోతుంది.
* ఫోను పిలుపులు, ప్రకటనలు, స్వయంచాలక నవీకరణలు తెరపైకి రాకుండా ఆపివేయాలి.

చట్టపరమైన అంశాలు

బ్రిటన్‌లో ఇంట్లో కూర్చిన కార్లకు ఒక్కొక్క వాహనానికి విడిగా చేసే ఆమోద పరీక్ష ఉంది. 2009లో ఇది పాత పరీక్ష స్థానంలో వచ్చింది. స్పీడోమీటరు అసలు వేగం కంటె తక్కువ చూపరాదన్నది అక్కడి నియమం. కొంత ఎక్కువ చూపడానికి పరిమితిలో అనుమతి ఉంది. ఈ కారణం చేత కొందరు స్పీడోమీటరును విడిగా ఉంచి, మిగిలిన వివరాలకే టాబ్లెట్ వాడతారు.

భారతదేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాలలో 117వ నియమం స్పీడోమీటరును, 126వ నియమం వాహన నమూనా పరీక్షను నిర్దేశిస్తాయి. తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను నియంత్రిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షనును గట్టిగా సమర్థించింది. అందుచేత ఇక్కడ ఇటువంటి ప్రయోగాలకు తగిన చోటు ప్రజా రహదారి కాదు. ఇంజనీరింగు విద్యార్థులు స్వయంగా వాహనాలు నిర్మించి పాల్గొనే బాహా ఎస్ఏఈ ఇండియా, ఫార్ములా భారత్ వంటి పోటీలు అందుకు అనువైనవి.

ఇవి కూడా చూడండి

* స్పీడోమీటరు
* టాకోమీటరు
* హాల్ ప్రభావం
* మైక్రోకంట్రోలర్